నదికి దక్షిణాన ఒక చుక్క

సీసాల్లో స్పిరిట్ తగ్గితే పోయడం లిందాల్వా పని. పెద్ద నది ఒడ్డునున్న మనౌస్ ఊరి ఎండలకు బిరడా ఎంత బిగించినా స్పిరిట్ ఆవిరవుతూనే ఉంటుంది. పట్టించుకోకపోతే లోపలున్న జెర్రి వీపు బయటపడి, ఎండిపోయి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. అందుకని ఇరవై నాలుగేళ్ళుగా ప్రతి నెలా మొదటి సోమవారం ఆమె పరిశోధన సంస్థ వెనక గదిలో పదకొండు బీరువాలూ తెరిచి, సీసా సీసాకూ ఇంత పోసి మూత పెడుతూ వస్తోంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ అత్తగారు దోనా క్రెవుజాది ఒకటే మాట. "చచ్చిన పురుగులకి దాహం వెయ్యకుండా చూసుకుంటావు గానీ, ఇంట్లో మట్టి ఫిల్టర్లో నీళ్ళు నిండుకున్నాయని నీకెప్పుడైనా తట్టిందా అమ్మాయ్?" ముగ్గురు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ సంగతి ఆమెకే ఎందుకు తట్టాలో దోనా క్రెవుజా ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆవిడకి తోచనూ లేదు.

జెర్రికి వంద కాళ్ళుంటాయని లోకం అనుకుంటుంది. కొన్ని వేల జెర్రుల కాళ్ళు లెక్కపెట్టిన లిందాల్వాకి సరిగ్గా వందున్నది ఒక్కటీ తగల్లేదు. జతలెప్పుడూ బేసి సంఖ్యే. ఇరవై ఒకటో, ఇరవై మూడో. చివరి జత నడవడానికి పనికిరాదు, ఊరికే ఈడ్చుకుపోవడానికే. ఆ చివరి కాళ్ళ మీది ముళ్ళెన్ని, తల కింది పలకకి పళ్ళెన్ని అని సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్క రాసి, ఏ జాతిదో తేల్చి, ఏ సీసాలోకి పోవాలో ఆ సీసాలో వేసేది ఆమే. ఆ లెక్కలన్నీ సంస్థలో జెర్రుల శాస్త్రవేత్త డాక్టర్ ఎవెరార్దో గారి వ్యాసాల్లోకి వెళ్ళేవి. వ్యాసం చివర, అందరికీ కృతజ్ఞతలు చెప్పే చోట, "సాంకేతిక సహాయానికీ, కాఫీకీ దోనా లిందాల్వాకు" అని ఒక వాక్యం ఉండేది. కాఫీ ముక్క ఆయన ముచ్చటపడి రాసిందే, చిన్నబుచ్చాలని కాదు. తనని సంస్థలో చదువుకునే పిల్లలు "కాఫీ పిన్ని" అంటున్నారని ఆమెకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ సోమవారం ఏడో బీరువా దగ్గరుండగా తైనారా వచ్చింది. పరిశోధన చేస్తున్న పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. పరింతిన్స్ నుంచి పడవెక్కి వచ్చి చదువుకుంటోంది. మోచేతుల దాకా దోమకాట్లు, బూట్ల నిండా ఎర్రమట్టి. సంచీ బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడింది.

"లేదు పిన్నీ. మూడోసారి కూడా లేదు. పదహారు రోజులు. కరేరోలో నేను తిప్పని దుంగ లేదు, ఒలవని బెరడు లేదు. అక్కడి జనం నాకు పేరు కూడా పెట్టేశారు, జెర్రిపిచ్చిది అని."

"ముందు నీళ్ళు తాగు," అంది లిందాల్వా.

"తాగుతాలే. ఇంక నేను వెతకను, రాసేస్తాను. రోడ్డు వెడల్పు చేశారు, రెండు వైపులా అడవి తగలబెట్టారు, పశువుల్ని తోలారు. నదికి దక్షిణాన ఆ జాతి అంతరించింది అని రాసేస్తాను. మా గైడు గారు కూడా సరే అన్నారు. నెలాఖరుకి ఇచ్చేయాలి."

పోస్తున్న స్పిరిట్ సీసా నిండి బల్ల మీదికి పారింది. లిందాల్వా గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. తడి ఆరిపోయాక కూడా ఇంకా తుడుస్తూనే ఉంది.

తైనారా వెతుకుతున్న జాతికి శాస్త్రంలో నోరు తిరగని పేరొకటి ఉంది. గదిలో అందరూ "పచ్చకాళ్ళది" అనేవారు. ప్రాణంతో ఉన్నప్పుడు దాని కాళ్ళు లేత పచ్చగా ఉంటాయి. స్పిరిట్లో పడ్డ వారానికి ఆ రంగు పోయి ఎండుగడ్డి రంగులోకి వస్తుంది. ఇరవై మూడు జతల కాళ్ళు. ఇంతవరకూ దొరికిన పదిహేడింటిలో పదహారు పెద్ద నదికి ఉత్తరాన, మనౌస్ నుంచి ఫిగెరేదో వైపు అడవుల్లోనే దొరికాయి. ఒక్కటి మాత్రం నది దాటి దక్షిణాన, కరేరోలో దొరికింది. పటంలో పైన పదహారు చుక్కలు గుంపుగా, కింద ఒకటి ఒంటరిగా. ఆ ఒక్క చుక్కని పట్టుకుని, అంత వెడల్పు నది కూడా ఈ జెర్రిని ఆపలేకపోయిందని, ఎప్పుడో కొట్టుకుపోయే దుంగ మీద దాటి ఉంటుందని డాక్టర్ ఎవెరార్దో పెద్ద వ్యాసం రాశారు. తరవాత పుస్తకంలో ఒక అధ్యాయం రాశారు. చదివినవాళ్ళంతా అదే నమ్మారు. తైనారా కూడా అది నమ్మే, రెండు ఒడ్డుల జెర్రుల జన్యువుల్నీ పోల్చి చూస్తానని పరిశోధన మొదలుపెట్టింది. రెండోసారి కరేరో వెళ్ళినప్పుడు మలేరియా తగిలించుకుని వచ్చింది. లిందాల్వా ఆసుపత్రికి గంజి పట్టుకెళ్ళింది. గంజి తాగుతూ ఆ పిల్ల, "నువ్వు మా అమ్మకన్నా మంచిదానివి పిన్నీ," అంటే, ఆ మాటకి ఆమె ఇంటికెళ్ళి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఎందుకంటే కరేరోలో ఏ పచ్చకాళ్ళదీ దొరకలేదు. పటంలో ఆ చుక్కని నల్లసిరాతో తన చేత్తో పెట్టింది లిందాల్వాయే. అది అబద్ధం అని తెలిసే పెట్టింది.

పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. కరేరో అడవికి ఏడు రోజుల యాత్ర. డాక్టరుగారు, ఇద్దరు విద్యార్థులు, లిందాల్వా. కాగితం మీద ఆమె సాంకేతిక సహాయకురాలు. అక్కడికి వెళ్ళాక మాత్రం పొయ్యి వెలిగించడం, చేపలు తోమడం, నలుగురి గిన్నెలు కడగడం ఎవరూ చెప్పకుండానే ఆమె వాటాకి వచ్చాయి. వెలుతురు మిగిలితే జెర్రులు. నాలుగో రోజుకి డాక్టరుగారికి కడుపు చెడింది. గుడారాలు పీకేసి, పంటు మీద నది దాటి మధ్యాహ్నానికి మనౌస్ చేరారు. "ఇంకో మూడు రోజులున్నాయిగా, అవి నీవే లిందాల్వా. ఇంటికెళ్ళి పడుకో, సోమవారం రా," అన్నారు ఆయన రేవు దగ్గర.

ఇంటికెళ్ళి పడుకోవడమట. బస్‌స్టాపులో నిలబడి ఆమె ఇంటిని తలుచుకుంది. నాలుగు రోజుల మాసిన బట్టలు. మొగుడు జిల్వన్ ఫ్యాక్టరీ చొక్కాలు, టీవీలు బిగించే చోట పని కాబట్టి రోజుకొకటి ఇస్త్రీ. "వచ్చావా, అయితే బీన్స్ నానబెట్టు" అని అత్తగారి స్వాగతం. నాలుగేళ్ళ కూతురు సూలమీత చంకెక్కి దిగదు. ఇంటివైపు బస్సు వచ్చింది, ఆమె ఎక్కలేదు. రెండోది వచ్చింది, దానికీ చెయ్యెత్తలేదు. తనేం చేస్తోందో తనకే తెలియనట్టు వేరే బస్సెక్కి పెద్ద బస్టాండుకి పోయి, ఫిగెరేదోకి టికెట్ తీసుకుంది. ఇంట్లోవాళ్ళు ఆదివారం దాకా ఆమె కోసం చూడరు. కరేరో అడవిలో ఫోన్లు పనిచెయ్యవని అందరికీ తెలుసు.

అక్కడ వాగు పక్కన ఒక ముసలావిడ నడిపే చిన్న బస. మూడు రోజులు లిందాల్వా ఏమీ చెయ్యలేదు. ఇది ఎవరికైనా చెప్తే నమ్మరు, అంచేత ఎవరికీ చెప్పలేదు. టీ రంగు నీళ్ళున్న చల్లటి వాగులో మెడ దాకా కూచునేది. ఊయలలో పడుకునేది. ముసలావిడ వేయించిన జరాకీ చేపలు, కర్రపెండలం పిండి పళ్ళెంలో పెట్టి తెచ్చి ఇస్తే, మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా తినేది. ఎవరికో ఉప్పు కావాలని, ఎవరికో గ్లాసు కావాలని లేవకుండా అన్నం చివరిదాకా తినడం పెళ్ళయ్యాక అదే మొదలు. రెండో రోజు పళ్ళెం కడగబోతే ముసలావిడ లాక్కుని, "అది నా పని, నువ్వెళ్ళి పడుకో," అంది. లిందాల్వా వెళ్ళి పడుకుంది.

మూడో రోజు, బయల్దేరే ముందు, వాగు ఒడ్డున దుంగ మీద కూచుని ఊరికే బెరడు ఊడదీసింది. అలవాటు, ఇంకేమీ కాదు. పచ్చటి కాళ్ళు వేళ్ళ మధ్య నుంచి జారాయి. సంచీలో ఎప్పుడూ ఉండే గొట్టం చేతిలోకి ఎప్పుడు వచ్చిందో, జెర్రి అందులోకి ఎప్పుడు వెళ్ళిందో ఆమెకే తెలీదు.

ఆదివారం సాయంత్రం ఇల్లు చేరితే గుమ్మంలోనే అత్తగారు. శుక్రవారం సూలమీతకి జ్వరం పేలిపోయి, ఫిట్స్ వచ్చి, ఆసుపత్రిలో పెట్టారట. పొద్దుటే ఇంటికి తెచ్చారట. పిల్ల మంచం మీద నీరసంగా పడుకుని అమ్మని చూసి ఏడవడానికి కూడా ఓపిక లేక చెయ్యి మాత్రం చాపింది. "తల్లి అడవిలో పురుగులేరుకుంటుంటే పిల్ల ఇక్కడ కొట్టుకుంది," అంది దోనా క్రెవుజా. జిల్వన్ అడ్డొచ్చాడు. "ఊరుకో అమ్మా. అదేం షికారుకి పోయిందా? ఉద్యోగం మీద పోయింది. అక్కడ ఫోను పనిచెయ్యకపోతే దాని తప్పా?" అప్పుడే కాదు, ఈ పంతొమ్మిదేళ్ళలో అత్తగారు ఆ జ్వరం మాట ఎత్తినప్పుడల్లా, అంటే నెలకి రెండుసార్లయినా, జిల్వన్ అదే జవాబు చెప్పి పెళ్ళాన్ని వెనకేసుకొచ్చాడు. తిట్టినా బాగుండేదనిపించేది ఆమెకి. ఆమె అబద్ధాన్ని అతను అంత నమ్మకంగా మోస్తుంటే తిన్న అన్నం వంటబట్టేది కాదు.

సోమవారం ఆ గొట్టం బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూచుంది. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో రాసిన చీటీ లేని జెర్రి శాస్త్రానికి అక్కర్లేదు, చెత్తబుట్టకి తప్ప. ఫిగెరేదో అని రాస్తే డాక్టరుగారు చూస్తారు. జిల్వన్ రోజూ సాయంత్రం మోటారు సైకిల్ మీద ఆమెని తీసుకుపోవడానికి వచ్చేవాడు. గేటు దగ్గర అతనూ డాక్టరుగారూ ఫుట్‌బాల్ కబుర్లలో పడేవారు. "అవునోయ్, ఫిగెరేదో వెళ్ళొచ్చారటగా" అని ఆయన ఒక్క మాటంటే చాలు, ఇంట్లో తెలిసిపోతుంది. పారేద్దామా అంటే చెయ్యి రాలేదు, అంత చక్కటి ప్రాణి. కరేరో అని రాసి, తేదీ ఒక మూడు రోజులు వెనక్కి జరిపి, కరేరో సీసాల మధ్య పెట్టేసింది. స్పిరిట్లో రంగు పోయాక మామూలు జెర్రిలాగే ఉంటుంది, ఎవరు చూస్తారులే అనుకుంది. రెండు వారాల తరవాత డాక్టరుగారు సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి, "లిందాల్వా, ఇది నది దాటింది," అన్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అప్పుడు చెప్పాల్సింది. వ్యాసం అచ్చుకి వెళ్ళేముందు చెప్పాల్సింది. తైనారా మొదటిసారి బూట్లు కొనుక్కున్నప్పుడైనా చెప్పాల్సింది. ఎప్పటికప్పుడు, ఇప్పుడు చెప్తే మొన్న ఎందుకు చెప్పలేదంటారనే భయం నోరు నొక్కేసేది.

ఇప్పుడు ఆ పిల్ల, ఎన్నడూ లేని చోట ఒక జాతి చచ్చిపోయిందని రాయబోతోంది.

తుడిచిన గుడ్డ పక్కన పెట్టి లిందాల్వా అంది. "అలా రాయకు తైనారా. అక్కడ అది చచ్చిపోలేదు. అక్కడ ఎప్పుడూ లేదు."

చెప్పేసింది. మొదలుపెట్టాక ఆపలేకపోయింది. బస్సు, వాగు, చేపలు, బెరడు, చీటీ, అన్నీ. తైనారా కదలకుండా వింది. అయిపోయాక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నాకు మలేరియా వచ్చింది పిన్నీ," అంది, వెనక్కి తిరక్కుండా.

"తెలుసు."

"గంజి తెచ్చావు."

"తెచ్చాను."

"గంజి తెచ్చినప్పుడు చెప్పొచ్చుగా. మూడోసారి వెళ్ళకుండా ఆగేదాన్నిగా. మార్చితో నా స్కాలర్‌షిప్ అయిపోతుంది. నీకు తెలుసా అది?"

లిందాల్వా సంజాయిషీ చెప్పుకోవాలని నోరు తెరిచి, ఏది చెప్పినా తన గోడే అవుతుందని మూసేసుకుంది. పిల్ల తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. లిందాల్వా ఎనిమిదో బీరువా తెరిచింది, తొమ్మిదోది తెరిచింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. సస్పెండ్ చేస్తారేమో, ఫించను ఆపుతారేమో. వాటికన్నా పెద్ద భయం వేరే ఉంది. ఈ మాట విన్న ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే. ఎవడితో వెళ్ళావు? ఎవడూ లేడంటే నవ్వుతారు. పెళ్ళయిన ఆడది ఇంటికి అబద్ధం చెప్పి మూడు రోజులు మాయమైతే, ఊరికే నీళ్ళలో కూచోడానికి మాయమైందంటే, చంటిపిల్ల కూడా నమ్మదు. ఈ భయమే ఇన్నేళ్ళూ ఆమెని చీటీ మార్చనివ్వలేదు.

అరగంటకి తైనారా తిరిగొచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది. చేతిలో నోటుపుస్తకం. ఎదురుగా కూచుని పేజీ తిప్పింది.

"ఏ చెట్టు దుంగ?"

"ఆఁ?"

"బెరడు ఒలిచావు కదా. ఏ చెట్టు?"

"అంగెలిం అనుకుంటా. పడిపోయి రెండు మూడేళ్ళయి ఉంటుంది. లోపల ఇంకా గట్టిగానే ఉంది."

"నీళ్ళకి ఎంత దూరం?"

"నా కాళ్ళు నీళ్ళలోనే ఉన్నాయి."

"టైమెంత?"

"తొమ్మిదిన్నర. ముందురోజు వానపడింది. బెరడు కింద తడిగా, కాస్త వెచ్చగా ఉంది. అది ఒక్కటే లేదక్కడ. గుడ్లని చుట్టుకుని పడుకుంది. గుడ్లు ఒక పాతిక ఉంటాయి. దాన్ని పట్టుకున్నాక ఆ గుడ్లని మళ్ళీ బెరడుతో కప్పొచ్చాను."

తైనారా కలం ఆగింది. "గుడ్లతో చూశావా? పచ్చకాళ్ళదాన్ని గుడ్లతో ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదు పిన్నీ."

తల్లిని పట్టుకుపోయి గుడ్లని బెరడుతో కప్పితే అవి బతకవని లిందాల్వాకి అప్పుడూ తెలుసు. అదే వారం సొంతపిల్ల జ్వరంతో కొట్టుకుంది. ఆ రెంటినీ కలిపి ఆమె ఎన్నిసార్లు తలుచుకుందో చెప్పడం కష్టం. ఇప్పుడు ఆ సంగతి కూడా చెప్తే తైనారా అదీ రాసుకుంది, "తల్లి లేకపోతే గుడ్లు బూజుపడతాయి" అని, అంతే. గంటన్నర సేపు అడుగుతూనే ఉంది. నేల ఎలాంటిది, నీడ ఎంత, ఇంకే పురుగులున్నాయి. ఎవరితో వెళ్ళావని మాత్రం అడగలేదు. అది ఆ పిల్లకి అక్కర్లేదు. ఆ మూడు రోజుల గురించి ఒక మనిషి ఇంత శ్రద్ధగా అడగ్గా వినడం లిందాల్వాకి ఎంత ఊరటగా ఉందంటే, అంత ఊరట పడ్డందుకు మళ్ళీ తప్పుచేసినట్టనిపించింది.

పుస్తకం మూసి తైనారా అంది. "నాకింకా కోపంగానే ఉంది. అది వేరే. దిద్దుబాటు ఒకటి అచ్చు వెయ్యాలి. నువ్వు ఇరుక్కోకుండా రాయొచ్చు. సంస్థలో ఎక్కడో చీటీలు తారుమారయ్యాయి అని ఒక్క ముక్క. ఎవరూ ఆరా తియ్యరు."

"ఈ గదిలో ఇరవై నాలుగేళ్ళలో ఒక్క చీటీ తారుమారవలేదు," అంది లిందాల్వా. తన గొంతు అంత గట్టిగా వస్తుందని అనుకోలేదు. "తారుమారైందని రాస్తే పదకొండు బీరువాల్నీ ఎవరూ నమ్మరు. అంతేకాదు, ఎవరు ఎప్పుడు పట్టారో రాయకపోతే ఆ గుడ్లమాట కూడా చెల్లదు. ఉన్నదున్నట్టు రాయి. తేదీ, వాగు, నా పేరు."

"అయితే వచ్చే వారం గురువారం నువ్వు నాతో ఫిగెరేదో రావాలి. ఆ చోటు చూపించాలి. నాలుగు రోజులు."

లిందాల్వా వెంటనే సరేననలేదు. నాలుగు రోజులకి ఇంట్లో ఏమేం వండి పెట్టి వెళ్ళాలా అని లెక్క మొదలుపెట్టి, ఆ లెక్క వేస్తున్నందుకు తన మీద తనకే విసుగొచ్చి, "వస్తాను," అంది.

డాక్టర్ ఎవెరార్దో రిటైరై పదేళ్ళయినా శుక్రవారాలు వస్తారు. ఆయన కాఫీ కప్పు ముందు నిలబడి అంతా చెప్పింది. ఆయన కప్పు పక్కకి జరిపారు. పంతొమ్మిదేళ్ళ సిద్ధాంతం పోయిన మనిషి మొదట ఏమంటారా అని ఆమె ఎదురుచూసింది.

"జిల్వన్‌కి తెలుసా?" అన్నారు.

"లేదు డాక్టరుగారూ."

"అయ్యో," అన్నారు. తరవాత నెమ్మదిగా, "అంటే నా మూడో అధ్యాయం మొత్తం నీ స్నానం మీద కట్టానన్నమాట. ఒక్కసారి నాతో చెప్పి ఉండాల్సింది లిందాల్వా."

"తప్పే. మీ పట్ల తప్పే చేశాను. కానీ ఇది ఎవరు పట్టారని మీరూ నన్నొకసారి అడగలేదు. మీ పేరే రాసుకున్నారు."

ఆయన తలెత్తి చూశారు. మొహం ఎర్రబడింది. కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. ముసలాయన్ని అలా పంపినందుకు ఆమెకి బాధగానే ఉంది. ఆ కప్పు మాత్రం సాయంత్రం దాకా అక్కడే ఉంది, ఆమె కడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. ఇంక ఆగడానికి లేదు. డాక్టరుగారి నోట్లో నువ్వుగింజ నానదు, పైగా గురువారం ప్రయాణం. బల్ల మీద వేయించిన తంబాకీ చేప, అన్నం, బీన్స్, పెండలం పిండి. సూలమీత బోవా విస్తాలో టీచరుద్యోగం చేస్తోంది కాబట్టి బల్ల దగ్గర ముగ్గురే. లిందాల్వా నిలబడి వడ్డిస్తూ కాకుండా, కుర్చీ లాక్కుని కూచుని చెప్పింది.

దోనా క్రెవుజా చెంచా కింద పెట్టింది. ఎనభై రెండేళ్ళ మనిషి, చెవులు మాత్రం చురుకు. "అంటే పిల్ల ఫిట్స్‌తో కొట్టుకుంటుంటే నువ్వు వాగులో స్నానాలు చేస్తున్నావు."

"అవునత్తయ్యా. దానికి మీరెన్ని మాటలన్నా పడతాను. ఆ జ్వరానికి నేను పక్కన లేను. అది నా తప్పే, నేను పోయేదాకా నాతోనే ఉంటుంది."

ముసలావిడ ఇన్నేళ్ళూ దెబ్బలాటకి సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయాయి. చెంచా మళ్ళీ తీసుకుని పళ్ళెంలో అన్నం అటూ ఇటూ జరిపింది.

జిల్వన్ ఇంకా చేప ముల్లు ఒకటి వేళ్ళ మధ్య పట్టుకునే ఉన్నాడు. "ఎవరతను?" అన్నాడు.

"ఎవరూ లేరు."

"లిందా, నేను అరవను. పంతొమ్మిదేళ్ళయింది. ఆ విద్యార్థుల్లో ఒకడా? పొడుగ్గా ఉండేవాడు, ఆ దక్షిణాది కుర్రాడు?"

"అతను ఆ రోజే విమానమెక్కి వాళ్ళ ఊరెళ్ళాడు. ఎవరూ లేరన్నానుగా. బసావిడ, నేను, వాగు."

"మరెందుకు వెళ్ళావు?"

"ఏమీ చెయ్యకుండా కూచోడానికి."

"ఏమీ చెయ్యకుండా కూచోడానికి మూడు రోజులా? ఇంట్లో నిన్నెవరు కూచోవద్దన్నారు?" అతను నిజంగానే అడిగాడు, ఎత్తిపొడుపుగా కాదు. జవాబు తెలుసుకోవాలనే ఉంది అతనికి. ఆమె బల్ల వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది, కుర్చీ మీద ఇస్త్రీకి మడతపెట్టిన అతని చొక్కాల వైపు చూసింది. చూపించి చెప్పడానికి ఒక వస్తువంటూ కనబడలేదు. అన్నీ మామూలుగా, వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి.

జిల్వన్ ముల్లు పళ్ళెం అంచున పెట్టి, గొంతు తగ్గించాడు. "చూడు. ఎవడో ఒకడున్నాడని చెప్పు. ఉన్నాడంటే నాకు అర్థమవుతుంది. వయసులో ఉన్నావు, ఏదో జరిగింది. నాలుగు రోజులు బాధపడతాను, తరవాత మర్చిపోతాను. ఒట్టు. ఉన్నాడని చెప్పు లిందా."

బతిమాలుతున్నాడు. లిందాల్వాకి అతని మీద జాలేసింది. ఇన్నేళ్ళు తల్లి నోటికి అడ్డం పడినవాడు, చెడ్డవాడేం కాదు. ఒక్క పేరు చెప్తే చాలు, ఏ పేరైనా. అతను ఏడుస్తాడు, క్షమిస్తాడు, ఆ క్షమాపణ కింద తను మిగతా జీవితం ఇస్త్రీలు చేసుకుంటూ హాయిగా బతికేయొచ్చు. నోటి చివర దాకా వచ్చింది కూడా. తను చెప్పబోయే నిజం అతన్ని ఆ అబద్ధం కన్నా ఎక్కువ నొప్పిస్తుందని ఆమెకి తెలుసు. నొప్పించడం ఇష్టం లేదు.

"ఎవరూ లేరు జిల్వన్," అంది. "అక్కడ నువ్వు కూడా లేవు. అందుకే వెళ్ళాను."